ఒకే వైఫై కింద రెండు జట్లు

మా ఊళ్ళో ఇంటర్నెట్టు అందరికంటే ముందు కిరాణా కొట్టుకి వచ్చింది. చింతపల్లి నుంచి జీపెక్కి గంటసేపు మలుపులు తిరిగితే వచ్చే ఊరు మాది. సెల్ టవరు కొండకి అవతలి పక్కన ఉంది. ఫోను మాట్లాడాలంటే బడి వెనకున్న బండ ఎక్కాలి, అదీ మబ్బు దిగనప్పుడు. కొట్టు నడిపే షావుకారు గారు అనకాపల్లి నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన మనిషి. సరుకు ఆర్డర్లు పెట్టుకోవడం కష్టంగా ఉందని ఆఫీసుల చుట్టూ తిరిగి తిరిగి ఒక తీగ లాగించుకున్నారు. ఆ తీగ చివర డబ్బాలో పచ్చ లైట్లు వెలిగిన రోజు నుంచి మా అన్నయ్య సాయంత్రాలు ఇంటి దగ్గర కనబడటం మానేశాడు.

అన్నయ్యా, జీపు నడిపే అతనూ, ఇంకో ఇద్దరు స్నేహితులూ కొట్టు అరుగు మీద తలలు వంచుకుని కూర్చునేవారు. ఫోన్లో ఆడే తుపాకుల ఆట అది. నలుగురేసి ఒక జట్టు. చాలా జట్లు ఒకేసారి ఒక దీవిలో దిగుతాయి. కనబడిన వాళ్ళని కాల్చుకుంటూ పోతే, ఆఖరున ప్రాణంతో మిగిలిన జట్టు గెలిచినట్టు. నేను అప్పటికి బి.ఇడి. పరీక్షలు రాసి ఫలితాల కోసం ఇంట్లో ఉన్నాను. కాఫీ కోతలు అయిపోయాయి, మిరియాలు ఇంకా సగం చెట్ల మీదే ఉన్నాయి. ఏమీ తోచక నేనూ వెళ్ళి వాళ్ళ భుజాల మీదుగా చూసేదాన్ని.

ఒకరోజు మా వదిన ఉప్పు ప్యాకెట్టు కోసం కొట్టుకి వచ్చింది. సరిగ్గా అప్పుడే, ఆవు తాడు తెంచుకుని తోటలో పడిందని ఎవరో కేకేశారు. అన్నయ్య ఆట మధ్యలో ఉన్నాడు. ఫోను వదిన చేతిలో పెట్టి, "ఇది పట్టుకో, ఏటీ నొక్కకు," అని పరిగెత్తాడు. తిరిగి వచ్చేసరికి వదిన అరుగు మీద బాసింపట్టు వేసుకుని కూర్చుని ఉంది. ఉప్పు ప్యాకెట్టు ఒళ్ళో ఉంది. అన్నయ్య స్నేహితులు నోళ్ళు తెరుచుకుని ఆమెనే చూస్తున్నారు.

"ఏటి సేసినావే?"

"నానేటి సేసాను? ఆళ్ళు కాల్తన్నారు, నానూ కాల్సినాను."

ముగ్గుర్ని చంపింది. అన్నయ్య వారమంతా ఆడినా ఒక్క ఆటలో ముగ్గుర్ని చంపింది లేదు.

నాకు ఆశ్చర్యం అనిపించలేదు. మిరియాల తీగ అల్లుకున్న సిల్వర్ ఓక్ చెట్టుకి వెదురు నిచ్చెన ఆనించి, ఒక చేత్తో మాను పట్టుకుని, రెండో చేత్తో మిరియాల గుత్తులు ఆమె తెంపుతుంటే చూసినవాళ్ళెవరికీ ఆశ్చర్యం కలగదు. ఆ వేళ్ళు కంటికంటే ముందు పోతాయి. ఆకుల్లో దాగిన గుత్తిని కింద నుంచే చూపించగలదు.

అలా మా జట్టు పుట్టింది. వదిన, నేను, షావుకారు గారి భార్య, ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసే నర్సమ్మ. షావుకారు గారి భార్యని నేను అక్కా అనేదాన్ని. నలభై దాటిన మనిషి. దీవిలో దొరికే తుపాకులూ మందులూ ఎవరికెన్ని ఉన్నాయో కొట్టులో సరుకులా గుర్తుపెట్టుకుని పంచేది. నర్సమ్మ సొంతూరు పాచిపెంట. ఆటలో కూడా ఆమెకి కాల్చడం మీద కంటే పడిపోయిన వాళ్ళని లేపడం మీదే ధ్యాస. ఒకసారి తుపాకుల మధ్యలోంచి పరిగెత్తుకొచ్చి నన్ను లేపి, తను చచ్చిపోయి, "మంచినీళ్ళు తాగు అమ్మా," అంది. బయట, నిజంగానే.

మగవాళ్ళు మొదట నవ్వారు. తర్వాత మాతో పోటీకి ఆడారు. ఓడిపోయాక, కరెంటు సరిగా లేదన్నారు.

మార్చి నెలలో, విశాఖపట్నంలో కొందరు యువకులు ఆన్‌లైన్ పోటీ పెడుతున్నట్టు తెలిసింది. శని, ఆదివారాలు మధ్యాహ్నం నుంచి మూడేసి ఆటలు. అన్నిట్లో వచ్చిన పాయింట్లు కూడితే ఎవరు ముందుంటే వాళ్ళది కప్పు. అన్నయ్య జట్టు పేరు ఇచ్చింది. ఆ రాత్రే మేమూ ఇచ్చాం. రూల్సు ఏడు పేజీలు ఇంగ్లీషులో వచ్చాయి. నేను కొట్టులో నిలబడి రెండు జట్లకీ తెలుగులో చెప్పాను. అన్నిటికంటే పెద్ద అక్షరాల్లో ఉన్న రూలు ఒకటుంది. రెండు జట్లు లోపాయికారీగా ఒకటై ఆడకూడదు. ఎదుటి జట్టు మనిషి కనబడినా కావాలని కాల్చకుండా వదిలేస్తే అదీ తప్పే. పట్టుబడితే రెండు జట్లనీ తీసేస్తారు.

"మరి మాయావిడ నాకు అన్నం ఒండి పెడతాది కదా, అది సాయం కాదేటి?" అన్నాడు అన్నయ్య.

"ఆదివారం ఒండను. ఆకలితో ఆడు," అంది వదిన.

నవ్వుకున్నాం గానీ, ఒక చిక్కు నిజంగానే ఉంది. ఊరంతటికీ వైఫై ఆ కొట్టు ఒక్కదానికే. రెండు జట్లూ అక్కడే కూర్చోవాలి. మగవాళ్ళు అరుగు మీద, మేము వెనక గోదాములో మిరియాల బస్తాల మధ్య. మధ్యలో ఉన్నది ఒక్క గోడ. "ఎడమ పక్కకి రా, గుడిసె ఎనకాల ఉన్నాడు," అని వాళ్ళు అరిస్తే మాకు మొత్తం వినబడేది. అలా విని గెలిస్తే అది గెలుపెలా అవుతుంది? దీనికి మార్గం షావుకారు గారే చూపించారు. గోడ పక్కనే ఆయన పిండి మర ఉంది. "ఆట జరిగినంతసేపూ మర ఆడిస్తాను. మీ అరుపులు వాళ్ళకి వినబడవు, వాళ్ళవి మీకు వినబడవు," అన్నారు. పోటీ సంగతి ఊరంతా తెలిసింది కాబట్టి చోళ్ళు, అంటే రాగులు, పిండి పట్టించుకునే వాళ్ళందరూ శనివారం మధ్యాహ్నానికే సంచులతో వచ్చేశారు. ఆటా చూడొచ్చు, పిండీ పట్టించుకోవచ్చు. మర హోరుకి గోదాము తడక అదిరిపోయేది. మా జుట్టు మీద, ఫోన్ల మీద సన్నటి పిండి పడేది.

మొదటి ఆటలో నేను దిగిన వెంటనే చచ్చిపోయాను. దాని గురించి చెప్పడానికేమీ లేదు.

రెండో ఆటలో బాగా ఆడాం. నడుస్తున్న కొద్దీ దీవిలో నిలబడే చోటు చిన్నదైపోతూ ఉంటుంది. అలా కుదించుకుపోయి చివరికి ఐదు జట్లు మిగిలాయి. వదిన ఒక కూలిన గోడ పక్కకి పాకింది. నేను ఆమె వెనకే ఉన్నాను. గోడ చాటున ఒక మనిషి కూర్చుని చేతికి కట్టు కట్టుకుంటున్నాడు. ఆటలో దెబ్బ తగిలితే అలా కట్టు కట్టుకునే వీలుంటుంది. కట్టుకుంటున్నంతసేపూ కదలలేడు, కాల్చలేడు. అతని తల మీద కనబడే జట్టు పేరు అన్నయ్య వాళ్ళది. ఆటలో అన్నయ్య తన బొమ్మకి ఎప్పుడూ ఎర్ర చొక్కానే వేస్తాడు, అది చూసి అతను అన్నయ్యేనని నాకు తెలిసింది. వదినకీ తెలిసే ఉంటుంది. కాల్చడానికి ఒక్క వేలు కదిపితే చాలు. వదిన రెండు క్షణాలు అలాగే నిలబడింది. తర్వాత వెనక్కి తిరిగి వేరే దారిన వెళ్ళిపోయింది. నెట్టు ఆగిందనుకున్నాను. ఆ ఆటలో అన్నయ్య జట్టు మాకంటే ఒక మెట్టు పైన నిలిచింది.

సాయంత్రం ఏడింటికి, మేము టీ తాగుతుండగా మెసేజీ వచ్చింది. వీడియో ముక్క కూడా జతచేశారు. వదిన చేతిలో చనిపోయిన ఒక విశాఖ కుర్రాడు, ఆటలో తన పని అయిపోయినా, ఆమె కంటి నుంచి మిగతా ఆట చూస్తూ ఉండిపోయాడట. చచ్చిపోయిన వాళ్ళకి ఆ వీలుంది. గోడ దగ్గర జరిగింది అతను రికార్డు చేసి ఫిర్యాదు పంపాడు. నిర్వాహకులు వెతికితే రెండు జట్లూ ఒకే ఇంటర్నెట్టు నుంచి ఆడుతున్నట్టు తేలింది. ఇక అనుమానానికి ఏముంది? రెండు జట్లనీ ఎందుకు తీసెయ్యకూడదో ఆదివారం పొద్దున్న పదింటిలోగా చెప్పమన్నారు.

ఒక్కసారిగా అందరూ మాట్లాడటం మొదలుపెట్టారు. షావుకారు గారికైతే తన వైఫైని అనుమానించారని కోపం. "నెట్టు ఆగిపోయిందని రాసెయ్. కొండల్లో ఆగదా ఏం?" అంది అక్క. నర్సమ్మ కూడా అదే మేలంది. నేను రాయడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలు రాశాక వదిన గ్లాసు కింద పెట్టింది.

"నెట్టు ఆగలేదు గుంటా. నానే ఆగినాను."

అందరం ఆమె వైపు తిరిగాం.

"కూకుని కట్టు కట్టుకుంతన్నాడు. మొన్న మిరియాలప్పుడు నిచ్చిని మీంచి పడి చెయ్యి కోసుకున్నాడు కదా, అప్పుడూ ఇలాగే కూకున్నాడు. నానే కట్టినాను ఆ గుడ్డ. అది గేపకమొచ్చీసినాది. చెయ్యి పోలేదు."

అందరికంటే ఎక్కువ దెబ్బ తిన్నది అన్నయ్య. "నన్ను సూసినావా? సూసి ఒగ్గేసినావా? నాను బాగా దాగున్నాననుకుంతన్నాను!" అన్నాడు. ఆ ఆటలో తను ఎంత తెలివిగా దాక్కున్నాడో అప్పటికి గంట నుంచి అందరికీ చెబుతున్నాడు మరి. జీపు డ్రైవరు గోడకి ఆనుకుని నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నాడు. వదినకీ నవ్వాగలేదు. "ఎర్ర సొక్కా ఏసుకుని దాగోడమేటి నీ మొకం!" అంది.

నవ్వులయ్యాక మళ్ళీ అదే ప్రశ్న మిగిలింది. ఏం రాయాలి? నెట్టు ఆగిందంటే నమ్మొచ్చు. నిజం రాస్తే రెండు జట్లూ పోవచ్చు. నేనైతే అబద్ధం రాసేదాన్నే, దాచడమెందుకు. సగం రాసేశాను కూడా. వదిన ఒప్పుకోలేదు. "ఆ గుంటడు నా సేతిలో సచ్చి కూడా కూకుని సూసినాడు. ఆడికి అన్నేయం జరిగినాదా లేదా? జరిగినాది. దొంగమాట రాయొద్దు. నాను సేసినాను, నానే సెప్తాను," అంది.

ఆదివారం పొద్దున్న తొమ్మిదిన్నరకి కొట్టులో బల్ల మీద ఫోను నిలబెట్టి వీడియో కాల్ చేశాం. అటు పక్క పాతికేళ్ళ కుర్రాడు, కళ్ళజోడు, నిద్ర చాలని మొహం. చాలా మర్యాదగా, చాలా గట్టిగా మాట్లాడాడు. "మేడమ్, మీరు ఆ ప్లేయర్‌ని చూశారా లేదా?"

"సూసినాను బాబూ."

"నెట్‌వర్క్ ప్రాబ్లమ్ ఏమైనా...?"

"నెట్టు బాగానే ఉంది. నానే ఒగ్గేసినాను."

ఆ కుర్రాడు కాగితం ఒకటి అటూ ఇటూ జరిపాడు. "ఎందుకు మేడమ్? ముందే మాట్లాడుకున్నారా?"

"లేదు బాబూ. ఆడు నా మొగుడు."

అటు పక్క ఎవరో కనబడని వాళ్ళు గట్టిగా నవ్వారు. కళ్ళజోడు కుర్రాడు పెదవి కరుచుకున్నాడు. వదిన నవ్వలేదు. తన మీద వేటు వెయ్యమనీ, తను వదిలిన సంగతి భర్తకి గానీ అతని జట్టుకి గానీ తెలియదు కాబట్టి వాళ్ళ జోలికి పోవద్దనీ చెప్పింది. ఆ కుర్రాడు ఆలోచించి, జాలి సంగతి తనకి అర్థమైందనీ, అసలు ఇబ్బంది ఒకే ఇంటర్నెట్టు నుంచి రెండు జట్లు ఆడటమనీ, ఇకముందు ఒక కనెక్షనుకి ఒక జట్టే అని రూలు పెట్టబోతున్నామనీ అన్నాడు.

అంతవరకూ నేను పక్కన నిలబడి ఊరుకున్నాను. ఆ మాట వినగానే ఫోను ముందుకి వచ్చేశాను. అప్పుడు అన్న మాటలు ఇప్పటికీ గుర్తున్నాయి. "మీ దగ్గర ఇంటికొక కనెక్షను ఉంటుంది. మా ఊరికి మొత్తం ఒకటే ఉంది. మీరు ఆ రూలు పెడితే మా ఊరి నుంచి ఒక్క జట్టే ఆడగలదు. ఆ ఒక్క జట్టు ఏదవుతుందో చెప్పండి. మగవాళ్ళదే అవుతుంది. మేము మళ్ళీ వాళ్ళ భుజాల మీదుగా చూడాలి. మా మీద కన్నేసి ఉంచాలంటే ఉంచండి, కెమెరాలు పెట్టమంటే పెడతాం. అసలు రావద్దంటే మాత్రం అది న్యాయం కాదు."

వెనక నుంచి అన్నయ్య, "గుంట సెప్పింది నిజం. మా జట్టు తప్పుకోమన్నా తప్పుకుంతాం, ఆళ్ళని ఆడనివ్వండి," అన్నాడు. నేను వెనక్కి తిరిగి చూశాను. అతను సరదాకి అనడం లేదు.

అరగంట తర్వాత మళ్ళీ ఫోను వచ్చింది. ఫిర్యాదు చేసిన జట్టుతో కూడా మాట్లాడారట. ఆ రెండో ఆటలో మా రెండు జట్ల పాయింట్లూ కొట్టేశారు. మిగతా ఆటలు ఆడొచ్చు, కానీ అరుగు మీద ఒక ఫోను, గోదాములో ఒక ఫోను వీడియో కాల్‌లో పెట్టి ఉంచాలి, విశాఖ నుంచి ఒకరు చూస్తూ ఉంటారు. ఒక కనెక్షనుకి ఒకే జట్టు అనే రూలు ప్రస్తుతానికి పెట్టడం లేదు. నర్సమ్మ నన్ను వాటేసుకుంది. పాయింట్లు పోయాయని ఆ రోజు ఒక్కరూ బాధపడలేదు.

మధ్యాహ్నం కొట్టు ముందు జాతరలా ఉంది. పది రోజుల కిందట పడ్డ జల్లుకి తోటల్లో కాఫీ పూలు విచ్చుకున్నాయి. తెల్లగా మంచు కురిసినట్టున్న కొమ్మల మీదుగా వాసన గోదాములోకి కూడా వస్తోంది. కాపలా ఫోన్ని అక్క మిరియాల బస్తా మీద నిలబెట్టింది. మర మొదలైంది. మా నాయనమ్మ ఎప్పుడొచ్చిందో తెలియదు, ఆ ఫోను ముందే పీట వేసుకుని కూర్చుంది. విశాఖలో కూర్చుని మమ్మల్ని కనిపెట్టుకుని ఉండాల్సిన కుర్రాడికి కనబడేదల్లా మా నాయనమ్మ మొహం.

"బామ్మ గారూ, కొంచెం పక్కకి జరగండి!" అని అతను అరుస్తున్నాడు.

"ఏటి బాబూ? బువ్వ తిన్నావా?"

"తిన్నానండి. పక్కకి జరగండి!"

"ఏటి కూర?"

మర హోరులో ఒకరి మాట ఒకరికి సగమే వినబడుతోంది. చివరికి అతను తిన్న కూర చెప్పాకే ఆమె జరిగింది.

ఆఖరి ఆటలో మేం నలుగురం చాలాసేపు బతికి ఉన్నాం. అక్క మందులు సమంగా పంచింది. నర్సమ్మ నన్ను రెండుసార్లు లేపింది. చోటు కుదించుకుని కుదించుకుని, ఒక ఎండు వాగు, దాని ఒడ్డున కొన్ని బండలు మిగిలాయి. ఒక బండ వెనక ఎర్ర చొక్కా కనబడింది. దెబ్బ తగిలినట్టుంది, మోకాళ్ళ మీద కూర్చుని మళ్ళీ కట్టు కట్టుకుంటున్నాడు. వదిన వైపు చూశాను. ఆమె మొహంలో ఏమీ లేదు, మిరియాల గుత్తి మీద చూపు నిలిపినప్పటిలా ఉంది. వేలు కదిలింది.

మర హోరు దాటుకుని అరుగు మీద నుంచి అన్నయ్య అరుపు వినబడింది. "ఓలమ్మో! సంపీసినాది!"

పిండి పట్టించుకోవడానికి వచ్చిన ఆడవాళ్ళంతా ఈలలు, కేకలు. షావుకారు గారు ఏం జరిగిందో చూద్దామని మర ఆపేశారు. "ఆపకండి, ఆపకండి, ఇంకా అవలేదు!" అని అక్క భర్త మీద అరిచింది. మర మళ్ళీ మొదలైంది. అన్నయ్యతో వాళ్ళ జట్టు పని అయిపోయింది, ఇంకా రెండు జట్లు ఉన్నాయి. ఒకటి ఫిర్యాదు చేసిన విశాఖ వాళ్ళదే. వాళ్ళు బాగా ఆడేవాళ్ళు. నన్నూ అక్కనీ పడగొట్టారు. వదినా నర్సమ్మా వాగు అంచున పడుకుని, ఆ విశాఖ వాళ్ళూ రెండో జట్టూ ఒకరినొకరు కాల్చుకునేదాకా ఆగి, మిగిలిన ఇద్దర్నీ కొట్టారు. నర్సమ్మ చంపింది ఆ పోటీ మొత్తంలో ఒక్కణ్ణే, ఆ ఆఖరివాణ్ణే. చంపి, "అయ్యో!" అంది.

ఆ ఆట మేము గెలిచాం. పాయింట్లన్నీ కూడితే మాది నాలుగో స్థానం, అన్నయ్య వాళ్ళది తొమ్మిదో పదో. కప్పు విశాఖ జట్టుకే వెళ్ళింది. ఫిర్యాదు పంపిన కుర్రాడు మాకు మెసేజీ పెట్టాడు, శనివారం తనని వదిన ఎక్కడ నుంచి కాల్చిందో ఎంత చూసినా తెలియలేదని, చెబుతారా అని. వదిన చెప్పొద్దంది.

ఏప్రిల్‌లో ఇటుకల పండగ వచ్చింది. మా వైపు ఆ పండక్కి మగవాళ్ళు వేటకి వెళ్ళి ఉత్త చేతులతో వస్తే ఆడవాళ్ళు దారికడ్డంగా నిలబడి ఎగతాళి చేస్తారు. ఇప్పుడు అడవిలో వేటా లేదు, ఏమీ లేదు, ఊరికే తిరిగొస్తారు. ఆ ఏడు ఆడవాళ్ళు అన్నయ్యని ప్రత్యేకంగా ఆపి, "ఎర్ర సొక్కా ఏదిరా?" అని అడిగారు. అతను సిగ్గుపడలేదు. గోడ దగ్గర ఒకసారి, వాగు దగ్గర ఒకసారి ఏం జరిగిందో తనే నిలబడి మొత్తం చెప్పాడు. బాగా చెప్పాడు. నాకంటే బాగా.

మరుసటి ఏడు పోటీకి వచ్చిన రూల్సులో ఒక కొత్త వాక్యం ఉంది. ఒకే చోట నుంచి రెండు జట్లు ఆడాల్సి వస్తే ముందుగా చెప్పాలి, కెమెరా పెట్టుకోవాలి, ఆడొచ్చు. నేను అప్పటికి ఆశ్రమ పాఠశాలలో ఉద్యోగంలో చేరాను. సెలవుకి వచ్చినప్పుడు కొట్టులో ఆ వాక్యం చదివి వినిపించాను. వదిన రెండుసార్లు చదివించుకుంది.

ఆ వాక్యం చూసే అడ్డతీగల వైపు నుంచి ఆడపిల్లలు రెండు జట్లుగా పేర్లిచ్చారు. వాళ్ళకీ ఊరంతటికీ ఒకటే కనెక్షను. ఎవరి ద్వారానో మా నంబరు పట్టుకుని, కెమెరా ఎక్కడ పెట్టాలి, గోల ఎలా ఆపాలి అని ఫోన్లో అడిగారు. వేసవి సెలవులంతా సాయంత్రాలు వాళ్ళతో ఆడాం. మొదటి రోజే వాళ్ళు మమ్మల్ని చిత్తుగా ఓడించారు. వదినని చంపింది పద్దెనిమిదేళ్ళ పిల్ల. చెట్టు మీద నుంచి కాల్చింది. వదిన ఫోను ఒళ్ళో పెట్టుకుని చాలాసేపు నవ్వింది.

"ఎవులే ఆ గుంట? బేగి ఫోన్ చెయ్యి," అంది. "మాటాడతాను."